కాళ్లొచ్చిన బోర్డు

వ్యవసాయాధికారిగా నా తొలి పోస్టింగు నందికొట్కూరు దగ్గరి ఒక మండలం. ముప్పై ఏళ్ల కిందట, జూన్ మొదటి వారంలో చేరాను. ప్రొబేషన్‌లో ఉన్నన్నాళ్లు పై అధికారి ఒక్క చెడ్డ మాట రాసినా ఉద్యోగం ఖాయం కాదు. ఆ భయం ఒకటి, తలకెక్కిన కాలేజీ చదువు ఒకటి, రెండూ మోసుకుంటూ తిరిగేవాణ్ణి.

మొదటి పని ప్రదర్శన క్షేత్రం. అంటే ఒక రైతు పొలంలో సగం మా పద్ధతిలో, సగం ఆయన పద్ధతిలో వేయించి, తేడా ఊరికి చూపించడం. మా సగంలో అధికారి పేరుతో పసుపు బోర్డు పాతుతాం. నేను ఎంచుకున్న రైతు ఓబులప్ప, అరవై దాటిన మనిషి. ఊళ్లో ఎవరు విత్తనం వేయాలన్నా ముందు ఆయన్ని అడిగేవారు.

తొలి జల్లు పడగానే వేరుశనగ వేయమన్నాను. ఓబులప్ప మట్టి తవ్వి, గుప్పిట్లో నొక్కి చూశాడు. పదును చూడడం అంటారు దాన్ని.

"పైపైన తడిసినాదంతే సారూ. అడుగున పొడిగా ఉండాది. ఇంకో వాన రానీ."

నేను శాఖవారి సిఫారసు కాగితం చూపించాను. "కాగితం బాగా తడిసినాదా?" అని అడిగి, నా సగంలో నేను చెప్పినట్టే గొర్రు తోలించి విత్తాడు. తన సగం మాత్రం రెండో వాన దాకా ఆపాడు. నా పైరు మొలకెత్తీ ఎత్తకముందే వాడిపోయింది. ఆయనది ఏపుగా లేచింది.

పూత సమయంలో క్షేత్ర దినోత్సవం పెట్టారు. జిల్లాలో మా శాఖకు పెద్ద జాయింట్ డైరెక్టర్. మేం జేడీ అనేవాళ్లం. ఆయన జీపులోనే, ఏ సాకు చెప్పాలా అనుకుంటూ నేనూ వచ్చాను. దిగి చూద్దును కదా, పసుపు బోర్డు ఓబులప్ప సగంలో ఉంది. పచ్చటి పంట మధ్య నా పేరు! ఓబులప్ప ఏమీ ఎరగనట్టు తువ్వాలు దులుపుకుంటున్నాడు.

జేడీ మురిసిపోయి, ఎప్పుడు విత్తారని అడిగారు. నరం లేని నాలుక కదా, "తొలి జల్లుకే సార్" అనేశాను. అయితే వచ్చే ఖరీఫ్‌కు జిల్లా మొత్తానికీ అదే మాట సర్క్యులర్‌గా పంపుదామన్నారాయన.

ఓబులప్ప నన్ను పక్కకు లాగాడు. "నీ కొలువు నిలబడాలని పొద్దున్నే బోర్డు మార్చినా. ఆ మాట కాగితమెక్కితే శానామంది ఇత్తనం మట్టిపాలైతాది. వద్దప్పా." ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వలేదు. నాకు సిగ్గేసింది.

వెళ్లి జరిగిందంతా చెప్పేశాను. జేడీ ఎండిన సగం వైపు వేలు చూపించారు. బోర్డు పెరికి కొత్తగా పూడ్చిన గుంత అక్కడ స్పష్టంగా కనిపిస్తోంది. జీపు దిగుతూనే చూశారట. నేనెంత దూరం పోతానో చూద్దామనే సర్క్యులర్ మాట ఎత్తారట. సర్క్యులర్ రాలేదు. నా రహస్య నివేదికలో మాత్రం "నిజం చెబుతాడు, కొంత ఆలస్యంగా" అని రాశారు.

ఓబులప్పకు చెబితే పడీ పడీ నవ్వాడు. "మంచిదే గదప్పా, నేను గూడా ఆలస్యంగానే ఇత్తినా!"

ఆయన పోయి ఏడాదైంది. ఆ వెక్కిరింత వినపడక నాకు తోచడం లేదు. ఆ క్షేత్ర దినోత్సవం మొదలు రిటైరయ్యే దాకా ఏ ప్రదర్శన క్షేత్రానికి పిలిచినా, ఎండిపోయిన మడి ఏదని మొదట అడిగేవాణ్ణి. అది చూపించని చోట పచ్చటి మడి గురించి ఒక్క ముక్క రాయలేదు.