వేడి ధాన్యంలో పన్నెండు తీగల గిటార్

2022 వానాకాలం. రాజమండ్రిలో నాది గిటార్లు బాగుచేసే కొట్టు. తీగలు, డ్రమ్ స్టిక్సూ అమ్ముతాను. చర్చి క్వయర్ల గిటార్లే ఎక్కువగా వస్తాయి. ఓ పొద్దున బ్యాండ్ కుర్రాళ్లు శాంసన్, వెంకట్ కలిసి దుప్పట్లో చుట్టిన గిటార్‌ని పసిబిడ్డను ఆస్పత్రికి తెచ్చినట్టు మోసుకొచ్చారు.

వాళ్ల బ్యాండ్ నాకు తెలుసు. అమెరికా కంట్రీ పాటల నడకకి పాత బ్రిటిష్ రాక్ గిటార్ల కరుకుదనం కలిపి, తెలుగు మాటలతో పాడేవాళ్లు. ఊళ్లో సగంమందికి అదేం పాటో అర్థమయ్యేది కాదు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చేది. ఆ పాటలన్నీ ఈ పన్నెండు తీగల గిటార్ మీదే నడిచేవి. లూథరన్ చర్చిలో శాంసన్ నాన్నగారు జీవితమంతా వాయించిన గిటార్ అది. ఆయన పోయాక కొడుకు చేతికొచ్చింది. వారంలో విశాఖపట్నంలో వాళ్ల మొదటి ఆల్బమ్ రికార్డింగ్ ఉంది.

దుప్పటి విప్పాను. బ్రిడ్జ్, అంటే తీగలను కింద పట్టి ఉంచే చెక్క, ఊడిపోయింది. పై పలక నిలువునా చీలింది. లోపల ఆ పలకకు దన్నుగా ఉండే బద్దలు, మేం బ్రేసింగ్ అంటాం, అవీ పట్టు వదిలేశాయి. కాస్త వంచేసరికి బల్ల మీద ధాన్యం గింజలు రాలాయి.

"ఇవేంటయ్యా?"

డ్రమ్స్ వాయించే వెంకట్ తల దించుకున్నాడు. వాళ్లది మండపేటలో రైస్ మిల్లు.

"గోదావరి గట్టు మీద ప్రోగ్రాంలో వాన పడిందండి. సామాన్లన్నీ నేనే తీసుకెళ్లాను. ఫోను తడిస్తే బియ్యంలో పెడతాం కదండీ. మిల్లులో డ్రైయర్లోంచి అప్పుడే దిగిన వేడి ధాన్యం ఉంటే అందులో కప్పెట్టానండి. తెల్లారేసరికి ఆరిపోద్దనుకున్నాను."

"గిటార్‌ని ఉప్పుడు బియ్యం చేద్దామనుకున్నావా?" అన్నాను. కోపమొస్తే నా నోట ముందు వెటకారమే వస్తుంది. ఎవరూ నవ్వలేదు.

పాత గిటార్ల జిగురు తడికీ ఆగదు, వేడికీ ఆగదు. నీడలో వదిలేసి ఉంటే చాలావరకు దక్కేది.

"వాడు మంచికే చేశాడు లెండి బాబాయిగారూ," అన్నాడు శాంసన్. మాట మెత్తగానే ఉంది కానీ వెంకట్ వైపు చూడలేదు.

రికార్డింగ్ ఆగిపోయింది. చెక్కను నిదానంగా ఆరబెట్టి, అతికించి, క్లాంపులతో బిగించాను. చేతనైనంతా చేశాను. తీసుకెళ్లడానికి శాంసన్ ఒక్కడే వచ్చాడు. ఒకసారి మీటి, పలకకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"బాగా చేశారండి. కానీ ఇందులో నాన్న లేరండి."

అతుకు వేయగలను, ఆ పాత నాదాన్ని తేలేను. ఆ రోజు నా పనితనం మీద నాకే విసుగొచ్చింది.

వాళ్లిద్దరూ పోట్లాడుకోలేదు. పోట్లాడుకుని ఉంటే మళ్లీ కలిసేవాళ్లేమో. శాంసన్ ప్రాక్టీసుకి పిలవడం మానేశాడు, బ్యాండ్ అక్కడితో పోయింది. ఆ పాటలు ఎవరూ రికార్డు చేయలేదన్న బాధ నాకింకా ఉంది.

ఇప్పుడు గిటార్ తడిసిందని ఎవరు ఫోన్ చేసినా, తీగలు వదులు చేసి నీడలో పడుకోబెట్టండి, ఇంకేమీ చేయకండి అంటాను. దాని మీద మరీ ప్రేమున్నవాళ్లకి రెండుసార్లు చెబుతాను. వెంకట్ ఇప్పటికీ స్టిక్స్ కొనడానికి వస్తుంటాడు. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, "శాంసన్ నా గురించి ఏమన్నా అడిగాడాండి?" అంటాడు.

లేదని చెప్పడం నాకింకా చేతకాలేదు.