మూడు గోడల ఇల్లు

మాచర్లలో గురజాల బస్సు మలుపు తిరిగే చోట ఒక వడ్రంగి దుకాణం ఉండేది. వడ్రంగి సాయిబు. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు. తలుపులు, మంచాలు, నాగళ్ళు ఆయన బతుకుతెరువు. చెక్క ఇటుకలు ఆయన పిచ్చి. ఎనభైల్లో కొన్నేళ్ళు ఆ పిచ్చి దగ్గర నేను కూలి చేశాను. గరుకు కాగితంతో ఆ ఇటుకలను నున్నగా రుద్దడం నా పని. ఆడుకునే పిల్లల వేళ్ళకు పేళ్ళు గుచ్చుకోకూడదు కదా. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. కాబట్టి చుట్టు తిప్పి రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టే రాస్తాను.

ఊళ్ళో క్రైస్తవుల హాస్టలుకు దూరదేశం నుంచి ఒక డబ్బా వచ్చింది. దాన్నిండా ప్లాస్టిక్కు ఇటుకలు. అగ్గిపెట్టెలో సగం ఉంటాయి ఒక్కొక్కటి. పైన బొడిపెలు, అడుగున గుంటలు. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే పట్టుకుంటాయి. పిల్లలు సగం పోగొట్టారు. పోయినవాటికి బదులు చెక్కతో చేసిపెట్టమని హాస్టలు సిస్టరమ్మ దుకాణానికి తెచ్చింది. అన్న ఒక ఇటుకను చేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"మేకు లేదు, బంక లేదు. అయినా పట్టు వదలట్లేదు చూడు చెల్లెమ్మా. మనుషులకన్నా నయం," అన్నాడు.

ఆ డబ్బా మూత మీద ఒక ఇంటి బొమ్మ ఉండేది. ఏటవాలు ఎర్ర కప్పు, పైన పొగగొట్టం. బండి ఇరుసు బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒక రైతు దాన్ని చూసి ముఖం చిట్లించాడు.

"ఎవురిదయ్యా ఈ కొంప? ఎండాకాలం వీళ్ళు యాడ పడుకుంటారు? ఆ కప్పు మీద మంచమేస్తే తెల్లారేసరికి మనిషి బజార్లో ఉంటాడు."

"అయితే ఎట్టా ఉండాలో నువ్వే కట్టి చూపించు," అన్నాడు అన్న.

రైతు ఇరుసు సంగతి మరచిపోయి కూర్చున్నాడు. అలా మొదలైంది. ఎవరికి ఏ ఊహ ఉంటే వాళ్ళు వచ్చి కట్టేవాళ్ళు. దుకాణం ముందు రెండు రాళ్ళ మీద ఒక నాపరాతి బండ ఉండేది. కట్టింది దాని మీద పెట్టాలి. గురజాల బస్సు మలుపు తిరిగేటప్పుడు ఆ బండ గజగజ వణికేది. బస్సు పోయేదాకా ఎవరూ చెయ్యి తగిలించకూడదు. పోయాక కూడా బొమ్మ నిలబడి ఉంటే అన్న కోర్టులో జడ్జిలా "మంజూరు!" అని అరిచేవాడు. మంజూరైన బొమ్మకు కావలసిన ఇటుకలన్నీ కోసి, ఒక గుడ్డసంచిలో పోసి, సంచి మీద ఆ బొమ్మ గీయించి దుకాణంలో వేలాడదీసేవాడు. పిల్లలున్నవాళ్ళు కొనుక్కునేవాళ్ళు. పడిపోతే "నామంజూరు". కట్టినవాడు మళ్ళీ కట్టుకోవాల్సిందే.

ఎన్ని కట్టారో! మిర్చి బస్తాలు ఎత్తే ఒకాయన లారీ కట్టాడు. లారీ కన్నా బస్తాలే ఎత్తు. బస్తాల పైన ఒంటరిగా ఒక చిన్న ఇటుక. అదేందని అడిగితే "క్లీనరు. వాడికి యాడా చోటు లేదు," అన్నాడు. పిడుగురాళ్ళ నుంచి కాపురానికి వచ్చిన ఒకామె సున్నపు బట్టీ కట్టింది. బట్టీ గుండ్రం, ఇటుకలేమో పలకలు. ఆమె కోసం అన్న వంపు తిరిగిన ఇటుకలు కోశాడు. ఒక పంతులుగారు కొండవీడు కోట కడతానని పట్టుబట్టాడు. మెట్లు, బురుజులు, అన్నీ అమర్చాడు. బస్సు వచ్చిన ప్రతిసారీ కోట కూలింది. చివరికి చేతులు దులుపుకుని, "రాజులే నిలుపుకోలేకపోయారు, మన వల్ల ఏమవుద్ది," అని టీ తాగడానికి పోయాడు.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైంది టీ హోటలు. పక్కన టీ అమ్మే ఆయనే కట్టాడు. ఆయన హోటల్లో బెంచీకి ఒక కాలు పొట్టి. బొమ్మ బెంచీకి కూడా పొట్టికాలే పెట్టాడు. జనం ఎగతాళి చేశారు.

"ఒరేయ్, నిజం బెంచీయే బాగుచేయించుకోలేదు, బొమ్మ బెంచీకైనా సరైన కాలు పెట్టుకోరాదా?"

"నా బెంచీ అంటే అదే. సరిగ్గా ఉంటే నాది కాదు," అన్నాడాయన.

బస్సు వచ్చింది. బొమ్మ బెంచీ నిజం బెంచీలాగే ఊగింది. పడలేదు. ఆ మాట నాలో ఎక్కడో గుచ్చుకుంది. సరిగ్గా ఉంటే నాది కాదు. దాని అర్థం నాకు తర్వాత తెలిసింది.

మాది ముంపు ఊరు. సాగర్ నీళ్ళు వచ్చి మా ఊరు మునిగేనాటికి నేను చిన్నపిల్లను. సామాన్లు బండికి ఎత్తి, మా అమ్మ వెనక్కి చూడకుండా నడిచింది. మాచర్ల పక్కన సర్కారు ఇచ్చిన స్థలంలో గుడిసె వేసుకున్నాం. నాయన కొన్నాళ్ళకు పోయాడు. నా మొగుడు నన్ను వదిలి పోయాక అమ్మా నేనూ ఒకచోటే ఉండేవాళ్ళం. ఇన్నేళ్ళలో అమ్మ పాత ఇంటి గురించి ఒక్క మాట మాట్లాడలేదు. నేను అడిగితే "మునిగినదాని మాట ఎందుకే," అని చీపురు అందుకునేది. ఎండాకాలం సాగర్లో నీళ్ళు తగ్గి మొండిగోడలు కనపడుతున్నాయని జనం చూడ్డానికి పోయేవాళ్ళు. అమ్మ పోలేదు. నన్నూ పోనివ్వలేదు.

నాకు ఒకటే కోరిక ఉండేది. మా ఇల్లు నాకు నిజంగా గుర్తుందా, లేక నేనే ఊహించుకుంటున్నానా? అది చెప్పగల మనిషి భూమ్మీద అమ్మ ఒక్కతే. అమ్మ నోటితో ఒక్కసారి "ఇది మనిల్లే" అనిపించుకోవాలి. ఊరికే అడిగితే అనదు. చూపిస్తే అంటుందేమో.

అందుకని కట్టాను. పని అయిపోయాక రోజూ కాసేపు కూర్చునేదాన్ని. రాతి గోడల కోసం రంగు వేయని ఇటుకలు ఏరుకున్నాను. పైన మట్టి మిద్దె. దానికి అన్న పల్చటి చెక్క ఇచ్చాడు. ముందు అరుగు. తూర్పు వాకిలి. లోపల ఒక గోడకు దీపం గూడు. ఆ గూడు నాకు బాగా గుర్తు. నిలబడితే నా ముఖం ఎత్తున ఉండేది, అందులో దీపం పెట్టేవాళ్ళు. ఒక్క ఇటుక తీసేసి దాన్ని చేశాను.

గురజాల బస్సు వచ్చింది. నా ఇల్లు కదల్లేదు. "మంజూరు!" అన్నాడు అన్న, మామూలు కన్నా గట్టిగా. చూసినవాళ్ళు చుట్టూ మూగారు. ముంపు ఊళ్ళవాళ్ళు మాచర్లలో చానామంది ఉండేవాళ్ళు. ఒకామె "అచ్చం మా మేనత్తోళ్ళ ఇల్లే," అంది. ఇంకొకాయన "కాదు, మాది," అన్నాడు. "అరుగు చూడు, అదే మా అరుగు." వాళ్ళు కొట్టుకుంటుంటే నాకు గర్వంగా ఉంది. మర్నాడు అమ్మను బతిమాలి తీసుకెళ్ళాను.

అమ్మ బండ పక్కన చతికిలబడింది. ఇంటిని ముందు నుంచి చూసింది, వెనక నుంచి చూసింది. మిద్దె ఎత్తి లోపలికి చూసింది.

"చానా బాగుంది. ఎవరిదే?"

"మనదేనమ్మా."

"మనదా? మనకు నాలుగు గోడలు యాడ ఏడిశాయే?"

అన్న చేతిలో ఉలి ఆపేశాడు. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది, ఇన్నేళ్ళ తర్వాత, దారిన పోయే వాళ్ళంతా వింటుండగా.

"మీ నాయన మూడు గోడలే కట్టాడు. నాలుగోది పక్కింటి వదినది. కడుతుంటే ఆమే వచ్చి, 'మా గోడుండగా ఇంకోటెందుకు, రాయి దండగ. దూలాలు మా గోడ మీద దించండి,' అంది. దించాం. గోడ వాళ్ళది, బరువు మనది."

"మరి దీపం గూడు?"

"గూడు ఏందే నీ మొహం! అది కంత. ఇటు నుంచి అటు కనపడేది. పొద్దున్నే ఎవరి పొయ్యి ముందు రగిలితే వాళ్ళు అందులోంచి నిప్పు అందించేవాళ్ళం. కూరా నారా అంతా అందులోంచే. నువ్వు లేచేసరికి పనైపోయేది, దాంట్లో దీపం బుడ్డి పెట్టేదాన్ని. నీకు అదే తెలుసు."

ఆ పక్కింటామె నాకు గుర్తుంది. అత్తా అని పిలిచేదాన్ని. ఊరు ఖాళీ చేసినప్పుడు వాళ్ళ చుట్టాలు ఏరవతల ఉన్నారని అటు పోయారు. మేము ఇటు వచ్చాం. మధ్యలోకి సాగర్ వచ్చింది. ఇక్కడ మాకు ఇచ్చిన స్థలాల్లో ఇంటికీ ఇంటికీ మధ్య బండి పట్టేంత సందు వదిలారు. అది సౌకర్యమనే అందరూ అనుకున్నాం.

"ఇటు ఇయ్యి," అంటూ అమ్మ ముందుకు వంగింది. నా ఇంట్లో మూడు గోడలు పీకేసింది.

"అరే పెద్దమ్మా, మంజూరైన ఇల్లు!" అన్నాడు అన్న.

"నీ మంజూరు నువ్వే ఉంచుకో నాయనా."

కంత ఉన్న గోడ ఒక్కటే మిగిల్చింది. నేను కంతను కిందికి పెట్టాను. అమ్మ దాన్ని ఒక వరస పైకి జరిపింది. పైన వేసిన ఇటుక చిన్నదై జారుతుంటే, అన్న లోపలికి పోయి పొడుగ్గా ఒకటి కోసి తెచ్చాడు. గరుకు కాగితం నేను అందుకోబోతే అమ్మ ఆ ఇటుకను నా చేతిలోంచి లాక్కుంది. "ఉండనీ. ఆ రాయి గరుకే."

అప్పుడే మలుపులో హారన్ వినపడింది. ఒంటిగోడ బస్సుకు నిలబడదని అక్కడున్న అందరికీ తెలుసు. బండ వణకడం మొదలుపెట్టగానే అమ్మ అరచెయ్యి గోడకు ఆనించింది.

"చెయ్యి తియ్యాలి పెద్దమ్మా, రూలు," అన్నాడు అన్న.

"ఏం రూలు? ఆ గోడ ఒంటిగా ఎప్పుడు నిలబడింది కనక?"

బస్సు పోయింది. దుమ్ము మా మీద పడింది. అమ్మ చెయ్యి తీయలేదు. మెల్లగా తల వంచి ఆ కంత దగ్గర నోరు పెట్టి, నేను మరచిపోయిన గొంతుతో, "వదినా, నిప్పు రగిలిందా?" అంది.

ఎవరూ నవ్వలేదు. నేను బండ అవతలి పక్క ఉన్నాను. ఏదో ఒకటి అనాలి. కంత దగ్గరికి వంగి, "రగిలింది, రా," అన్నాను.

అమ్మ కంతలోంచి నన్ను చూసింది. "నువ్వు కాదే. దానిది కీచు గొంతు."

అప్పుడు అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. అన్న ఉలి తీసుకుని, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా, "మంజూరు," అన్నాడు.

ఆ గోడకు సంచి కుట్టలేదు. ఒక గోడ, దానికో కంత, ఏ పిల్లవాడు కొంటాడు? అన్న దాన్ని విడదీయకుండా పాతగుడ్డలో చుట్టి అమ్మకు ఇచ్చాడు. అమ్మ దాన్ని పొయ్యి పక్కన పెట్టుకుంది. మిగతా మూడు గోడలు ఎప్పుడూ అడగలేదు. "ఇది మనిల్లే" అని కూడా ఎప్పుడూ అనలేదు.

నేను మాత్రం ఆ తర్వాత చాలాసార్లు అన్నాను. "లాంచీ ఎక్కి ఏరు దాటుదాం అమ్మా. వాళ్ళ ఊరు కనుక్కుందాం. బతికే ఉంటుంది."

"పోయి ఏం చేస్తానే? ఆమెకూ ఇప్పుడు నాలుగు గోడలు ఉంటాయిగా," అనేది.

కాని పొద్దున పొయ్యి ముట్టించేటప్పుడు ఒక్కోసారి ఆ గోడను తన వైపుకి తిప్పుకుని పెట్టుకునేది. ఎందుకని నేను అడగలేదు.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అన్న దుకాణం ఉన్నచోట ఇప్పుడు ఏదో షోరూం ఉంది. నాపరాతి బండ ఏమైందో ఎవరికీ తెలియదు. ఆ గోడ నా దగ్గర ఉంది. నేనుండేది వరస గదుల్లో. గోడ ఇవతల నేను, అవతల ఎవరో. పొద్దున్నే అవతల స్టవ్వు వెలిగించిన చప్పుడు వినపడుతుంది. గట్టి సిమెంటు గోడ, కంత లేదు. రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా అలమారలో అమ్మ గోడ వణుకుతుంది. ఏ పనిలో ఉన్నా లేచి పోయి అరచెయ్యి ఆనిస్తాను.