బాలింతకు ఎండాకాలపు శాలువా

మా కూతురి మొదటి కాన్పు మే నెలలో అయింది. సిద్దిపేటలో ఆ రోజుల్లో మధ్యాహ్నమైతే వీధిలో కుక్క కూడా కనపడదు. పెద్ద ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లీ పిల్లా దవాఖాన నుంచి క్షేమంగా ఇంటికొచ్చారు. దిష్టి తీసి లోపలికి తీసుకురాగానే మా అత్తమ్మ చేసిన మొదటి పని ఫ్యాన్ ఆపడం. ఆ తర్వాత కూలర్ ప్లగ్గు పీకి, తీగ చుట్టి దాని మీదే పెట్టేసింది.

అత్తమ్మకు ఎనభై దాటాయి. నడుము వంగినా నోరు వంగలేదు. నా కూతురు ఆమెను బాపమ్మ అని పిలుస్తుంది. చిన్నప్పుడు ఆమె పక్కలో తప్ప పడుకునేది కాదు. అందుకే కాన్పుకు పుట్టింటికి వస్తున్నానని చెప్పినప్పుడు, ముందు బాపమ్మకే ఫోన్ ఇమ్మన్నది.

"పచ్చి బాలింతవు బిడ్డా. సల్లగాలి తాకొద్దు" అంటూ అత్తమ్మ మనుమరాలి చెవుల్లో దూది పెట్టి, తలకు మఫ్లర్ కట్టి, భుజాల చుట్టూ ఉన్ని శాలువా కప్పింది. చలికాలంలో పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం వెళ్ళేటప్పుడు మా ఆయన కప్పుకునే శాలువా అది. జనవరిలోనే దాన్ని కప్పుకుంటే వీపు దురద పెడుతుందని ఆయన గొణుగుతాడు.

నాకు కాన్పయినప్పుడు కూడా అత్తమ్మ ఇట్లాగే చేసింది. కానీ అది సంక్రాంతి ముందు. ఆ వెచ్చదనం నాకు హాయిగా ఉండేది. ఇప్పుడు కిటికీలు మూసిన గదిలో మా కూతురు చెమటతో తడిసిపోతుంటే చూడలేకపోయాను. అత్తమ్మ వాకిట్లోకి వెళ్ళగానే మా కూతురు శాలువా తీసి పక్కన పడేసేది. అత్తమ్మ తిరిగొచ్చి మళ్ళీ కప్పేది. మెడ చుట్టూ, వీపు మీద చెమటకాయలు ఎర్రగా లేచాయి. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని, గ్లాసు కూడా చూసి చూసి ఇచ్చేది అత్తమ్మ.

"అత్తమ్మా, పోరి ఉడ్కవోతకు ఆగుతలేదు, జర ఫ్యాన్ ఏద్దాం" అన్నాను ఒకసారి.

"నీకేం ఎర్కనే? ఇయ్యాల బాగనే ఉంటది. రేపు ముసలిదైనంక నడుము వట్టుకోని ఏడుస్తది" అన్నది.

మా ఆయనను అడిగితే, "ఆడోళ్ల ముచ్చట్ల నన్నెందుకు తెస్తరు" అని చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఒక మధ్యాహ్నం మా కూతురు పిల్లకు పాలిద్దామని మంచం మీది నుంచి లేచింది. రెండడుగులు వేసి, "అమ్మా, కండ్లు కనవడ్తలేవు" అంటూ గోడ పట్టుకుని కిందికి జారింది. పిల్ల ఇంకా తొట్టెలలోనే ఉంది, అదే అదృష్టం. మొహం మీద నీళ్ళు చల్లి, ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయాం. సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి మొహంలో కళ వచ్చింది. అక్కడి డాక్టరమ్మ మంచం పక్కన ముద్దలా పడున్న ఉన్ని శాలువాను చూసి, "గింత ఎండల ఇది కప్పుతరా? నీళ్లు మంచిగ తాగనియ్యిన్రి, గాలి తగలనియ్యిన్రి. పాలు ఎట్ల వడ్తయి మరి?" అన్నది.

ఇంటికొచ్చాక మా కూతురు ఆ శాలువాను మూలకు విసిరేసింది. "ఇగ నేను కప్పుకోను బాపమ్మా. సచ్చినా కప్పుకోను" అన్నది. బాలింత నోట ఆ మాట వినగానే అత్తమ్మ మొహం మాడిపోయింది. ముందుగదిలోకి పోయి కూర్చుంది. సాయంత్రం మా ఆయనతో, "నన్ను చిన్నకోడూరుకు తోలియ్యి. చిన్నకొడుకు కాడ ఉంట" అన్నది.

"ఈ ఎండల యాడికి పోతవే అవ్వా" అని ఆయన మాట దాటేశాడు.

ఆమె వెళ్ళలేదు. కానీ అన్నం సగంలో వదిలేసి లేవడం మొదలుపెట్టింది. ఆ గదికీ ఈ గదికీ మధ్య నేను నలిగిపోయాను.

నాకు ఇంట్లో ఒక చిన్న పని ఉంది. చీరలకు ఫాల్ కుడతాను, కొంగులకు కుచ్చులు వేస్తాను. ముక్కు వంగిన సన్నటి క్రోషా సూదితో కొంగు అంచున దారం అల్లి, పూసలు గుచ్చి కుచ్చులు కట్టే పని. పెళ్ళిళ్ళ కాలం కాబట్టి చీరలు కుప్పగా ఉన్నాయి. దవాఖాన నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం ఆ పని చేస్తూ, మంచినీళ్ళ కోసం లేచి, కూతురు పడుకున్న గదిలోకి తొంగిచూశాను.

టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది. మా కూతురు నిద్రపోతోంది. ఫ్యాన్‌కూ మంచానికీ మధ్య అత్తమ్మ నిలబడి ఉంది. గాలి మొత్తం తన వీపుకే తగిలేలా, చీర కొంగును రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని గోడలా నిలబడింది. ఎంతసేపటి నుంచి నిలబడిందో, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మారుస్తోంది.

నాకు కోపం రాలేదు. చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను.

"ఏందత్తమ్మా ఇది? డాక్టరమ్మ చెప్పింది ఇనలేదా?"

"ఇన్న."

"మరి ఏం భయం నీకు?"

ఆమె కాళ్ళు ఒత్తుకుంటూ చెప్పింది. "నాకొక చెల్లె ఉండె. నీకు ఎర్కలేదు, నీ మొగనికి గూడ ఎర్కలేదు. దానికి వానకాలంల కాన్పయింది. ఇల్లు మొత్తం కురిసింది. నేనే దాని కాడున్న. సలిజెరం వట్టుకున్నది. ఒణుకుతుంటె కప్పుదామంటె ఇంట్ల తడ్వని బట్ట ఒక్కటి లేదు. నా చీరె గూడ తడిసే ఉన్నది. మీద వడి అలుముకోని వండుకున్న. అయినా ఒణుకుడు ఆగలే. మల్ల లేవలే అది."

ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో కోడలిగా ఉన్నాను. ఆమెకు చెల్లెలు ఉండేదని ఆ రోజే విన్నాను. ఆ జ్వరం చల్లగాలి వల్ల వచ్చింది కాదని, కాన్పులో పుండు చెడి వచ్చి ఉంటుందని నాకు అనిపించింది. కానీ ఆ మాట ఆమెకు చెప్పి ఏం లాభం? ఆమెకు కావలసింది తన కళ్ళ ముందు ఉన్న పిల్ల ఒంటి మీద ఒక బట్ట ఉండడం. మా కూతురికి కావలసింది గాలి. రెండూ కుదిరే బట్ట ఒకటి ఉండాలి కదా అనుకుంటూ మళ్ళీ చీర చేతిలోకి తీసుకున్నాను. చేతిలో సూది ఉంది. అల్లుతున్నది దారం. అప్పుడు తట్టింది.

మా వీధి చివర గొల్లభామ చీరలు నేసే మగ్గం ఇల్లు ఉంది. ఆ ఇంటావిడ నా దగ్గరే కుచ్చులు వేయించుకుంటుంది. సంగతి చెబితే, "తెల్లది వద్దక్కా, బాలింతకు పస్పు రంగు తీస్కపో" అని నేతలో మిగిలిన పసుపు నూలు కండెలు సంచీలో వేసి ఇచ్చింది. ఆ నూలు వెంట్రుకంత సన్నం. మూడు పోగులు కలిపి పట్టుకుంటే అల్లడానికి వీలైంది.

శాలువా ఎప్పుడూ అల్లినదాన్ని కాదు. ముందు గొలుసులా అల్లుకుంటూ, భుజాల వెడల్పుకు కొంచెం ఎక్కువ వచ్చేదాకా పోయాను. దాని మీద వరుసలు మొదలుపెట్టాను. సాయంత్రానికి జానెడు అల్లి చూస్తే గోనెపట్టాలా బిర్రుగా ఉంది. కుచ్చులు ఊడిపోకుండా దారం బిగించి బిగించి నా చెయ్యి అట్లా అలవాటైపోయింది. మొత్తం విప్పేశాను. బజారులో గాజుల దుకాణంలో లావు సూది ఒకటి దొరికింది. దాంతో చెయ్యి వదులు చేసి, ఒక పొడుగు కుట్టు వేసి కొంత ఖాళీ వదలడం, మళ్ళీ కుట్టు, మళ్ళీ ఖాళీ. అన్నీ చిన్న చిన్న కిటికీలు. మా కూతురు పిల్లకు పాలిస్తూ నా చేతుల వైపు చూసేది.

"బిగ్గర గుంజకమ్మా" అని హెచ్చరించేది. నేను మళ్ళీ వేళ్ళు వదులు చేసుకునేదాన్ని. చీరల వాళ్ళు ఫోన్ చేస్తే, ఇంట్లో బాలింత ఉంది, కొంచెం ఆగండి అన్నాను. ఎవరూ కాదనలేదు.

అల్లడం అయిపోయాక తడిపి, నీడలో పరిచి ఆరబెట్టాను. మడిస్తే రెండు అరచేతుల్లో ఇమిడింది. తీసుకెళ్ళి అత్తమ్మ ఒళ్ళో పెట్టాను. ఆమె విప్పి, వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇదేం శాలువనే? చాపలు వట్టే వలోలె ఉన్నది."

"గాలి రావాలె గద అత్తమ్మా."

"గాలి వస్తె ఇగ కప్పుకునుడెందుకు?"

ఆమె శాలువాను తిప్పి తిప్పి చూసింది, అంచు పట్టి లాగింది. తర్వాత, "ఆ కూలర్ వెట్టు" అన్నది.

పెట్టాను. అత్తమ్మ దాని ముందు పీట వేసుకుని, శాలువాను చెవుల మీదుగా కప్పుకుని, వీపు గాలికి పెట్టి కూర్చుంది. "జోర్ పెంచు" అన్నది. పెంచాను. మా కూతురు పిల్లను ఒళ్ళో పెట్టుకుని మంచం మీది నుంచి, నేను గుమ్మంలో నిలబడి, ఇద్దరం చూస్తున్నాం. ఆమె ఒకసారి చెవి దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంది. ఒకసారి శాలువా లోపలికి చెయ్యి పోనిచ్చి మెడ తడుముకుంది. ఎంతకీ లేవదు. నిద్రపోయిందేమో అనుకున్నాను.

చివరికి, "గాలి వస్తుంది గని కొడ్తలేదు" అన్నది.

శాలువా తీసి, లేచి వెళ్ళి తన చేతులతో మనుమరాలి భుజాల చుట్టూ కప్పింది. "దూది మాత్రం తియ్యకు" అన్నది.

"తియ్య బాపమ్మా" అన్నది మా కూతురు. వెంటనే నా వైపు తిరిగి, "అమ్మా, అసలు బరువే లేదే" అన్నది. అన్నాక కళ్ళు తుడుచుకుంది. అత్తమ్మ వంటింట్లోకి పోయి, కాచి చల్లార్చిన నీళ్ళు చెంబు నిండా తెచ్చి మంచం పక్కన పెట్టింది.

తర్వాత అన్నీ ఒక్కొక్కటే సర్దుకున్నాయి. చెమటకాయలు ఎండిపోయాయి. పాలు బాగా పడ్డాయి. పిల్ల ఏడుపు తగ్గి, కడుపు నిండి నిద్రపోవడం మొదలుపెట్టింది. దవాఖానలో తూకం వేసి డాక్టరమ్మ నవ్వింది. అత్తమ్మ కంచంలో మెతుకు మిగలడం లేదు.

ఇరవై ఒకటో రోజు తొట్టెల పండుగకు నారాయణరావుపేట నుంచి మా వియ్యపురాలు, ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. శాలువా సంగతి ఎవరో ఒకరు అడుగుతారని అనుకుంటూనే ఉన్నాను. అనుకున్నట్టే వియ్యపురాలు కోడలి భుజం మీది పసుపు శాలువాను వేళ్ళతో పట్టి చూసి, "ఇదేంది వదినా, పచ్చి బాలింతకు గిట్ల పల్సటిది కప్పిన్రు?" అని నన్నే అడిగింది.

నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ అందుకుంది. "నేనే కప్పమన్న. ముందుగాల నేను కప్పుకోని సూసిన. మీ ఇంటికి వచ్చినంక గూడ ఇదే కప్పున్రి. ఫ్యాన్ బంద్ వెట్టకున్రి. పోరి కండ్లు తిరిగి వడ్డది, ఎర్కేనా?"

వియ్యపురాలు, "పెద్దదానివి నువ్వు చెప్పినంక ఇగేమున్నదమ్మా" అని నవ్వేసి పిల్లను ఎత్తుకుంది. నా భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. అన్ని రోజులూ వాటిని పైకి బిగబట్టి తిరుగుతున్నానని అప్పుడే తెలిసింది.

అందరూ తిని వెళ్ళేసరికి ఎండ వాలింది. గిన్నెలో మిగిలిన పులిహోర అంతా కంచంలో పెట్టుకుని వంటింటి గడప మీద కూర్చుని తిన్నాను. నన్నెవరూ పిలవలేదు. అక్కడే గోడకు ఆనుకుని నిద్రపోయినట్టున్నాను. లేచేసరికి మా ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. తనే పెట్టాడట. చక్కెర మరీ ఎక్కువైంది. అడుగు దాకా తాగాను.