విప్పని ముడి

తొంభైల్లో గల్ఫు దేశపు ఊరు మనామాలోని ఒక లాయర్ల ఆఫీసులో టైపిస్టుగా పనిచేశాను. అంతర్జాతీయ వాణిజ్య మధ్యవర్తిత్వం అనే ఘనకార్యాన్ని దగ్గరుండి చూసే భాగ్యం నాకక్కడే పట్టింది. కోర్టుకెక్కితే గుట్టు బయటపడుతుందని పెద్ద కంపెనీలు తమ తగువు తీర్చడానికి తామే పెద్దమనుషుల్ని పిలిపించుకుంటాయి. అలా ముగ్గురు మహానుభావులు మూడు దేశాల నుంచి వచ్చి పక్కనున్న ముహర్రక్‌లో విమానం దిగారు.

తగువు ఒక గోదాము నేల గురించి. కట్టిన ఏడాదికే బీటలు వారింది. కట్టిన కంపెనీ తప్పంతా మేస్త్రీ మీదికి నెట్టి ఆయన్ని హెల్పరుగా దించేసింది. ఆయన మా గోదావరివాడే. రోజూ పని సంగతులు తెలుగులో నోటుపుస్తకంలో రాసుకునేవాడు. ఒక పేజీలో ఇలా ఉంది: "మిట్టమధ్యాహ్నం ఎండలో కాంక్రీటు వద్దన్నాను. ఇంజనీరు యల్లా యల్లా, తొందరగా కానీ అన్నాడు. పోశాం."

గోదాము యజమానులు మా క్లయింట్లు. వాళ్ల తరఫున మేస్త్రీని సాక్షిగా పిలిచాం. సొంత కంపెనీకి ఎదురు చెబితే ఇంటికి పంపేస్తారని తెలిసీ వచ్చాడు. తప్పు తనది కాదని ఆ ముగ్గురూ రాస్తే మేస్త్రీ పని తిరిగొస్తుందని ఆయన ఆశ. పుస్తకాన్ని నేనే ఇంగ్లీషులోకి మార్చాను. తర్వాత దాన్నీ, నా కాగితాల్నీ కలిపి పురికొసతో కట్టి హోటల్లో వాళ్ల బల్లమీద పెట్టాను.

మొదటి రోజంతా ఏ దేశపు చట్టం వర్తిస్తుందని వాదించుకున్నారు. రెండోరోజు, ఒప్పందంలో ఇంగ్లీషు అని ఉండగా తెలుగు పుస్తకం చెల్లుతుందా అని. మూడోరోజు, నా అనువాదాన్ని నమ్మొచ్చా అని. మధ్యమధ్య బిస్కెట్లు నమిలారు. నేల ఎందుకు పగిలిందని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. మేస్త్రీ ఎవరివో బూట్లు అడిగి తొడుక్కుని మూడు రోజులూ వరండాలో కూర్చున్నాడు.

నాలుగోరోజు రెండు కంపెనీల పెద్దలూ కలిసి భోంచేశారు. ఇద్దరికీ ఇంకో కట్టడం పని కుదిరిందట, రాజీపడిపోయారు. ఇరుపక్షాలదీ తప్పు లేదని, సంగతంతా రహస్యమని ఆ ముగ్గురూ తీర్పు రాశారు. సిగ్గులేకుండా దాన్ని టైపు చేసింది నేనే. మేస్త్రీ ఏ పక్షంలోనూ లేడని, తప్పు ఆయన మీదే మిగిలిందని నాకు తెలుసు. నోరు విప్పనని సంతకం కూడా పెట్టాను. ఆ ముగ్గురి మీదా ఎంత అసహ్యం వేసిందో, నా మీద అంతకు రెట్టింపు వేసింది.

లిఫ్టు దగ్గర ఆయన పుస్తకం ఉన్న కట్ట ఆయనకిచ్చాను.

"ఏమన్నారండీ? తప్పెవరిదన్నారండీ?"

"చెప్పకూడదండీ. రహస్యం."

"పోనీ నా పుస్తకం చదివేరాండీ?"

నేను లిఫ్టు బొత్తాం నొక్కాను. ఆయన పురికొసని వేలితో తడిమి చూశాడు.

"ఈ ముడి మీరేసిందేనాండీ?"

"అవునండీ."

"విప్పనే లేదన్నమాట," అని బూట్లు విప్పి చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయాడు.