సౌందరం దువ్విన చీర అంచులు

సౌందరం ఎదురైతే ముందు మీ ముఖం చూడదు, చీర అంచు చూస్తుంది. అక్కడ గడ్డిగింజ ఒక్కటి కనిపించిందా, మీరు పెళ్ళికి పోతున్నా ఆసుపత్రికి పోతున్నా ఆగాల్సిందే. నడుముకు దోపుకున్న పాత పేనుదువ్వెన తీసి, వంగి, ఆ గింజను దువ్వి మూత డబ్బాలో వేసుకుంటే గాని వదలదు. డబ్బాలోవన్నీ సాయంత్రం పొయ్యిలోకి పోతాయి.

అరవదేశంలో సూలూరు పక్కన మా తెలుగు వీధిలో మావి ఎదురెదురు ఇళ్ళు. ఆమెకన్నా నేను ఆరేళ్ళు పెద్ద. నా చదువు ఐదో తరగతి, ఆమెది కాలేజీ. ఎవరింట్లో ఏం వేగుతోందో వీధి చివరినుంచే చెప్పగల మనిషిని నేను. అలాంటి నన్ను వదిలేసి జనం దువ్వెన పట్టుకున్న మనిషి గురించి చెప్పుకుంటుంటే కడుపు మండదా?

మా మనవరాలు కృత్తిక పెళ్ళిలో సౌందరం అక్షతలు వేయడానికి పెళ్ళిపీటల దగ్గరికి వచ్చింది. పెళ్ళికొడుకు శరత్‌కుమార్ పట్టుపంచె అంచున ఒక గింజ కనబడింది. వంగింది. పెద్దావిడ తన కాళ్ళకు దండం పెడుతోందనుకుని ఆ పిల్లవాడు వెనక్కి గెంతి నాదస్వరం ఆయన ఒళ్ళో కూర్చున్నాడు. ఆ పెళ్ళికి పెద్దను నేను. నా చీర ఏ రంగో ఒక్కరికీ గుర్తులేదు. దువ్వెన మాత్రం అందరికీ గుర్తుంది.

ఓట్లడగడానికి వచ్చినాయన ముందూ ఇలాగే వంగింది. ఆయన ఆమె నెత్తిన చెయ్యిపెట్టి, "నల్లా ఇరుమ్మా" అని, చల్లగా ఉండమని దీవించి, ఫోటో కూడా తీయించుకున్నాడు. మదురై బస్సులో కండక్టరు ప్యాంటు దువ్వితే, అతను సిగ్గుపడి ఆమెకు కిటికీ పక్కన సీటు ఇప్పించాడట. అది కూడా నాకెవరూ ఇప్పించలేదు.

ఇక ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. ఆ గడ్డి మా ఊరికి తెచ్చింది నేనే.

పన్నెండేళ్ళ కిందటి మాట. నవరాత్రి బొమ్మల కొలువులో సౌందరం పార్కు ఎప్పుడూ నా పార్కుకన్నా బాగుండేది. అందరం రాగులు, ఆవాలు మొలకెత్తించి బొమ్మల ముందు పచ్చిక పార్కు చేస్తాం. ఆ ఏడు ఒక మిల్లు గేటు దగ్గర అందానికి పెంచిన గడ్డి చూశాను. నక్కతోకల్లాంటి ఊదారంగు కంకులు. రెండు దుబ్బులు పెరికి తెచ్చి కొలువులో పెట్టాను. వీధంతా నా పార్కే చూసింది. నవరాత్రి అయ్యాక పారేయడానికి మనసొప్పక మా చేని గట్టున నాటాను.

గట్టు అవతల కొరంగాడు. అంటే ముళ్ళకిళువ చెట్లతో కంచె కట్టి, మేకలకూ ఆవులకూ తరతరాలుగా వదిలిన మెట్టనేల. మూడేళ్ళలో అదంతా తోకలే. మేకలు మూతి కూడా పెట్టలేదు. ఎండాకాలం దానికి నిప్పంటుకుని కంచె కాలిపోయింది. మేకల ఈశ్వరన్ సగం మందను అమ్ముకున్నాడు. నేను నోరు కుట్టేసుకున్నాను.

సౌందరం మాత్రం గునపం పట్టింది. కంకి వేయకముందే దుబ్బుల్ని వేళ్ళతో సహా పెరికించింది. మా తాతల నాడు మేకలు మేసిన కొళుక్కట్టై గడ్డి గింజలు ఎక్కడెక్కడో అడిగి తెచ్చి, చీమలు ఎత్తుకుపోకుండా మన్నూ పేడా కలిపి ఉండలు చేసి చల్లింది. తంగేడు వేసింది, కంచెకు కిళువ కొమ్మలు నాటింది. రెండేళ్ళు ఏమీ మొలవలేదని నేను లోలోపల సంతోషించానని ఒప్పుకుంటున్నాను. మూడో ఏడు నేల పచ్చబడింది. కౌజుపిట్టలు తిరిగొచ్చాయి. కాలేజీల వాళ్ళూ వచ్చారు. అందరూ ఆమె ఇంటికే.

మొన్న చారులత అనే కాలేజీ పిల్ల పుస్తకం పట్టుకుని వచ్చింది. సౌందరం అరుగు మీద వీధంతా చేరాం. అసలీ గడ్డి ఎక్కడ మొదలయిందని ఆ పిల్ల అడిగింది.

ఈశ్వరన్ గొంతు సవరించుకున్నాడు. "తెచ్చినోళ్ళు ఎవరో తెలిస్తే నా మేకల ముందర నిలబెట్టి జవాబు చెప్పమంటాను."

అది తెలిసిందా, ఇక ఈ వీధిలో నేను తలెత్తుకు తిరగలేను. సౌందరం అలవాటుగా నా చీర అంచు వైపు చూసింది.

"గాలికి వచ్చిండాది పాపా, మిల్లు గేటు కాడ నించి. రాసుకో" అంది.

అంతా వెళ్ళాక ఉండబట్టలేకపోయాను. తెలుసుకోకపోతే నాకు నిద్రపట్టదు.

"సౌందరం, నిజం చెప్పు. నీకు తెలుసునా?"

"నీ కొలువు చూసేకి వస్తిని కదక్కా. పార్కులో తోకలు ఎంచితిని. పదకొండు."

"తెలిసీ ఊరందరి చీరలూ ఎందుకు దువ్వితివి?"

"గింజలు అంటుకొని వచ్చేది ఎక్కువ నీ చీరకే. నీ అంచు ఒకటే దువ్వుతా ఉంటే ఈశ్వరన్ కన్ను పడదా? అందుకే అందరివీ దువ్వితిని. పిచ్చిది అంటే నన్ను అంటారు, పోనీ."

అప్పుడు నాకు ఏడుపు రావాలి. వచ్చింది ఒళ్ళుమంట. ఒక కబురును పన్నెండేళ్ళు కడుపులో దాచుకోవడమా? పొద్దున విన్నది నేను మధ్యాహ్నం దాకా దాచలేను. ఇందులోనూ ఆమెదే పైచేయి అయితే ఎలా? మర్నాడే ఈశ్వరన్ దొడ్డికి పోయి మేకల ముందర నిలబడి అంతా చెప్పేశాను.

అతను గునపం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీ గట్టున ఇంకా దుబ్బులుండాయి అవ్వా. వానకు ముందర పీకల్ల."

ఇప్పుడు రోజూ పొద్దున సౌందరమూ నేనూ పక్కపక్కనే కూర్చుని పీకుతున్నాం. నిన్న ఆమె నలభై దుబ్బులు పీకింది, నేను నలభై ఒకటి. పోటీ ఏముందక్కా అంటుంది. ఆమెకు లేకపోవచ్చు.