పదివేల అడుగుల వాచీ

వాచీ ఎంచుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. అంత ఓపిక నాకు ఇంకెందులోనూ లేదు. ఆఫీసులో అన్నం తినేటప్పుడు కూడా ఫోన్లో వీడియోలు చూసేవాణ్ణి. ఒకాయన స్మార్ట్ వాచీ చాలంటాడు, ఇంకొకాయన వ్యాయామానికైతే స్పోర్ట్స్ వాచీయే కొనాలని కొట్లాడతాడు. ఇంతా చేసి వాచీ నాకు కాదు, మా అక్కకు.

అక్క ఉండేది కణేకల్ దగ్గర ఒక పల్లెలో. కాలువ నీళ్లు ఆ ఊరి కింది పొలాలకు వస్తాయి గానీ అక్కావాళ్ల మెట్టకు ఎక్కవు. అమ్మ పోయాక నన్ను పెంచి, చదివించి, అనంతపురంలో గుమాస్తాను చేసింది అక్కే. పోయిన ఏడాది ఎండలు మొదలయ్యే ముందు ఆమె కాళ్లు వాచాయి. టౌన్లో డాక్టరుకు చూపిస్తే, షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతినడం మొదలైందన్నాడు. మందులు వేసుకుని, నోరు కట్టుకుని, రోజూ నడిస్తే డయాలసిస్ దాకా పోకుండా ఆపవచ్చట. నెలనెలా తీసుకురమ్మన్నాడు. చీటీ మీద రోజుకు పదివేల అడుగులని రాసిచ్చాడు.

అక్కకు కిడ్నీ అంటే ఏమిటో తెలియదు గానీ డయాలసిస్ అంటే బాగా తెలుసు. వాళ్ల వీధిలో ఒకామె వారానికి మూడుసార్లు టౌనుకు తిరిగి తిరిగి, రెండేళ్లకు పోయింది. "నన్ను ఆ మిసను కాడికి మాత్రం పంపొద్దప్పా. నువ్వేం చెప్పినా చేస్తా" అంది బస్సులో.

టవర్ క్లాక్ దగ్గర ఒక అంగట్లో రెండు వాచీలనూ పక్కపక్కన పెట్టించి చూశాను. స్పోర్ట్స్ వాచీ నల్లగా, మొరటుగా ఉంది. నడక మొదలుపెట్టినప్పుడు బటన్ నొక్కాలి, ఆపినప్పుడు మళ్లీ నొక్కాలి. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పోయామో దారి గీసి చూపిస్తుంది. స్మార్ట్ వాచీకి ఆ తంటా లేదు. ఫోన్ మాట్లాడుకోవచ్చు, రంగులు మార్చుకోవచ్చు, చెయ్యి ఊపును బట్టి అడుగులు దానంతట అదే లెక్కపెట్టుకుంటుంది.

"ఎవరికన్నా?" అన్నాడు అంగడాయన.

"మా అక్కకు. చదువు రాదు."

"అట్లయితే ఇదే తీస్కపో అన్నా. ఆ నల్లది పరుగెత్తేటోళ్లకు. దాన్ని నేర్పల్లంటే నీకు ఓ దినం పడతాది. ఇది చేతికి కట్టిడిస్తే సాలు."

అక్కకు ఏది తేలికో చూస్తున్నాననుకున్నాను. నిజానికి నాకు ఏది తేలికో చూసుకున్నాను. స్మార్ట్ వాచీ కొన్నాను.

కట్టబోతే అక్క ఎడమ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ మణికట్టు మీద బావ పేరు పచ్చబొట్టు ఉంది. "మొగుని పేరు మూసి గడియారం కడతావా? కుడిచేతికి కట్టు" అని కసిరింది. బావ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. కుడిచేతికే కట్టాను. "ఈడ పదివేలు నిండల్లక్కా. నిండితే చెయ్యి మీద గుర్రుమంటాది. ఆ పొద్దుకు నీ పని అయిపోయినట్లే" అని చెప్పాను.

మర్నాటి నుంచి బావ రోజూ పొద్దుగూకే వేళకు ఆ అంకెను ఫొటో తీసి నాకు పంపేవాడు. మొదట్లో మూడు వేలు, నాలుగు వేలు. ఉగాది దాటాక ఒక్కసారిగా పదివేలు. ఎండలు మండిపోతున్నా అంకె తగ్గలేదు. నేను బొటనవేలు బొమ్మ పంపేవాణ్ణి. చెకప్ రోజున ఆఫీసులో ఆడిట్ ఉందని వాయిదా వేశాను. తర్వాతి నెల ఆ సాకు కూడా లేదు. అంకె బాగానే ఉంది కదా అనుకున్నాను.

మూడో నెలలో కాళ్లతోపాటు ముఖమూ ఉబ్బింది. డాక్టరు రిపోర్టు చూసి, అక్కను బయట కూర్చోమన్నాడు. నేను ఫోన్ తీసి ఫొటోలన్నీ వరసగా చూపించాను.

"ఇంత నడిచే మనిషికి షుగర్ ఇంత ఉండదే. రెండు నెలలు ఎందుకు తీసుకురాలేదు?" అన్నాడు.

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఇక మిషన్ తప్పదని చెప్పాడు.

ఆదివారం అక్కను మా ఇంటికి తీసుకురావడానికి పల్లెకు పోయాను. వసారాలో విత్తనం వేరుశనగ కాయల కుప్ప ముందు కూర్చుని ఉంది. మా వైపు వాటిని బుడ్డలంటాం. విత్తేనాటికి అన్నీ ఒలిచి గింజ తీయాలి. ఒక్కో కాయనూ కుడిచేత్తో బండకేసి టక్కున కొట్టడం, ఒలవడం, గింజను చాటలో వేయడం. ఆ చేతికి వాచీ. నేను చూస్తుండగానే అది గుర్రుమంది.

"చూడప్పా, ఈ పొద్దుది అయిపాయె" అంది సంబరంగా. "మొదట్లో రోడ్డెంబడి నడిస్తి. ఎండకు కళ్లు తిరుగుతాండె. తరవాత చూస్తే బుడ్డలు ఒల్చినా నిండుతాండాది. ఇంగ రోడ్డెక్కేదెందుకు? మనవి అయిపోతే పక్కింటోళ్లవీ తెచ్చుకుంటి."

ఆ ముఖంలో దొంగతనం లేదు. నేను నింపమన్నది నింపింది. నాకు కోపమో ఏడుపో రావాలి. రెండూ రాలేదు. పక్కన కూర్చుని నేనూ కొన్ని కాయలు ఒలిచాను.

ఇప్పుడు అక్క మా ఇంట్లోనే ఉంటోంది. వారానికి మూడు రోజులు డయాలసిస్. నాలుగు గంటలు ఆమె మంచం పక్కన అదే కుర్చీలో కూర్చుంటాను. గొట్టంలో రక్తం పోతుంటుంది, వస్తుంటుంది. ఏడుపు రావడం లేదేమిటని మొదట్లో భయపడ్డాను. ఇప్పుడు ఆ భయమూ లేదు. టీ తాగుతాను, పేపరు చదువుతాను, ఏం చదివానో గుర్తుండదు. నల్ల వాచీ కొని, ఒక ఆదివారం కూర్చుని బటన్ నొక్కడం నేర్పివుంటే, ఆమె నడవడం లేదని ఆ వారమే తెలిసేది.

మొన్న సూదులు గుచ్చి నర్సు పోయాక, అక్క నా వైపు తిరిగింది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు. నువ్వు చెప్పిన పదివేలు ఉగాది నుంచి ఒక్కనాడూ తప్పలేదు గదా. ఇంగో రెండు చాటలు ఒలిచింటే ఈ మిసను తప్పేదేమో?"

"నీ తప్పేం లేదక్కా" అన్నాను.

"మరి ఎవరిదప్పా?"

నేను ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దాను.