నిమ్మకాయ బ్యాటరీ, నా చేతులు

మొన్న మా పాప స్కూలు ప్రాజెక్టు కోసం నిమ్మకాయల్లో మేకులు గుచ్చుతుంటే, ఆ పుల్లటి వాసనకు నా అరచేతులు చురుక్కుమన్నాయి.

అప్పట్లో నౌపడ దగ్గర బడిలో ఎనిమిదో తరగతి చదివేదాన్ని. మా అమ్మ చేపలమ్మేది. పొద్దున్నే ఆమెతో కూర్చుని చేపల పొలుసు తీసి, తర్వాత బడికి వెళ్లేదాన్ని. సైన్స్ ఫెయిర్‌కి నేను నిమ్మకాయల బ్యాటరీ చేశాను. ఒక్కో కాయలో ఓ రాగి తీగ, ఓ జింకు మేకు గుచ్చి వరసగా కలిపితే చిన్న ఎర్ర లైటు వెలిగింది.

ఫెయిర్ చూడ్డానికి ఆఫీసరు వచ్చే ముందు సైన్స్ మేడం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"నీ దగ్గర ఒకటే చేపల కంపు. ఆఫీసరుగారికి సునీత చెప్తుందిలే, నువ్వు వెనక్కెళ్లు."

చేతుల వాసనే అడ్డమనుకున్నాను. కుళాయి దగ్గరికి పరిగెత్తి, పొలుసు గీసుకున్న చోటల్లా భగ్గుమంటున్నా, మిగిలిన నిమ్మచెక్కలతో రుద్దుకున్నాను. తిరిగొచ్చి చేతులు చాపాను.

"సూడండి మేడం, ఇప్పుడు వాసన నేదు."

ఆమె చూడనే లేదు. "చెప్పానా, వెనక నిలబడు."

సునీత మా క్లాసే, ఊళ్లో పెద్దింటి పిల్ల. అంతకుముందు నేను నేర్పిన మాటలే అప్పజెప్పింది. ఆఫీసరు ఆమె భుజం తట్టాడు.

సాయంత్రం అమ్మ అడిగింది. "ఆపీసరు ఏటన్నాడే?"

"బాగున్నాదన్నాడమ్మా."

అమ్మ మురిసిపోయి పక్కింటి వాళ్లకీ చెప్పుకుంది. ఇంకాస్త గట్టిగా రుద్దుకోవాల్సిందని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. ఎంత రుద్దుకున్నా మా పేట పిల్లని మేడం ఆఫీసరు ముందు నిలబెట్టేది కాదని అర్థమయ్యేసరికి పెద్దదాన్నైపోయాను.